అమ్మ ఏడిస్తే తమ్ముడు పైకి పోలేడా? నా కడుపున వాడే పుడతాడా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా తమ్ముడు పోయి పదకొండు నెలలైంది. 24 ఏళ్ళు, బైక్ యాక్సిడెంట్. మా పిన్ని థియోసఫీ క్లాసులకి వెళ్తుంది, రెండు పుస్తకాలు తెచ్చి అమ్మకిచ్చింది. మనం ఏడుస్తుంటే పోయినవాళ్ళు కిందికి లాగేసినట్టై పైకి పోలేరని ఒకచోట ఉంటే దానికింద పెన్నుతో గీత గీసి మరీ ఇచ్చింది. అప్పట్నుంచి అమ్మ మా ముందు ఏడవట్లేదు. బాత్రూంలోకెళ్ళి ట్యాప్ తిప్పుకుని ఏడుస్తుంది, బయటికొచ్చి వాడి ఫోటోకి సారీ చెప్తుంది. యాక్సిడెంట్‌లో పోయినవాళ్ళు అసలు ఆయుష్షు తీరేదాకా మధ్యలోనే ఉండిపోతారని కూడా చదివిందట, ఇక ఆ భయం ఒకటి. ఏ జన్మలో చేసిన కర్మో అని పిన్ని అంది. ఇంకెవరో మీడియం ఉన్నారు, వీడియో కాల్‌లో వాడితో మాట్లాడిస్తారు అంటున్నారు. వీటన్నిటికీ తోడు నాకిప్పుడు ఐదో నెల. వాడే వస్తున్నాడు అని అమ్మ ఫిక్స్ అయిపోయింది. ఆడపిల్ల పుడితే అమ్మ ఏమైపోతుందో అని నాకు నిద్ర పట్టట్లేదు. థియోసఫీ నిజంగా ఇవన్నీ చెప్తుందా?

జవాబు: అమ్మా, నువ్వు అనే అంటాను ఏమనుకోకు, నా కూతురికంటే చిన్నదానివి. నీ ఉత్తరం రెండుసార్లు చదివా, రెండోసారి ఆ ట్యాప్ దగ్గరే ఆగిపోయా. నువ్వు అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తా. పిన్ని గీత గీసిన మాట థియోసఫీలో ఉంది, ఆవిడ కల్పించలేదు. కానీ దానికి సరిగ్గా ఎదురుమాట కూడా థియోసఫీలోనే ఉంది, అదీ దీనికంటే పాతది, థియోసఫీ సొసైటీ పెట్టిన మనిషే స్వయంగా రాసింది. పిన్ని ఒక లైను ఇచ్చింది, పుస్తకం ఇవ్వలేదు, అంతే తేడా. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా స్టడీ క్లాసుల్లో కూర్చున్నదాన్ని, చదివి చదివి అట్టలు ఊడిపోయిన పుస్తకాలు ఇంట్లో బోలెడున్నాయి, అందుకని కొంచెం వివరంగానే చెప్తా, ఒక్కసారిగా చదవలేకపోతే ముక్కలుముక్కలుగా చదువుకో.

ఈ సొసైటీని 1875లో న్యూయార్క్‌లో పెట్టారు, హెలీనా బ్లావట్‌స్కీ అనే రష్యన్ ఆవిడ, కల్నల్ ఆల్కాట్, విలియం జడ్జ్, ఇంకొందరు కలిసి. 1882లో మద్రాసు దగ్గర అడయార్‌లో తోట కొనుక్కుని అక్కడికి మారారు. చెప్పిన విషయాల్లో చాలాభాగం మన ఉపనిషత్తుల్లోంచి, బౌద్ధంలోంచి, ప్లేటో లాంటివాళ్ళ దగ్గర్నుంచి తీసుకుని ఒక చోట పేర్చినవే, అందుకే మన చెవికి సగం తెలిసినట్టే ఉంటాయి, ఆ సగం తెలియడంతోనే వచ్చింది చిక్కంతా. స్థూల శరీరం, ప్రాణం, లింగ శరీరం, కామం, మనస్సు, బుద్ధి, ఆత్మ అని ఏడు పేర్లు చెప్పగానే ఓహో మనదే కదా అనేసుకుంటాం, కానీ వాళ్ళు ఆ మాటలు వాడే తీరు కొంచెం వేరు. మొదటి నాలుగూ చావుతో ఒకదాని తర్వాత ఒకటి విడిపోయేవి. పైన ఆత్మ, బుద్ధి నిలిచి ఉండేవి. మధ్యలో మనస్సు ఉంది చూడూ, అది రెండు ముక్కలు, కింది ముక్క కామంతో అంటుకుని కోపాలు, ఇష్టాలు, ఆకళ్ళు చూసుకుంటుంది, పై ముక్క బుద్ధితో చేరుతుంది. మళ్ళీ పుట్టేది ఆ పై మూడే, అదీ ఒక్క మనిషిగా, ఆ మనిషిని వాళ్ళు ఈగో అంటారు (మనం రోజూ వాడే ఈగో కాదు, వాడికి ఈగో ఎక్కువ అంటామే అది కానే కాదు). ఇది పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి, నీ కడుపులో బిడ్డ సంగతి కూడా.

ఇంకో మాట, ఈ ఏడు అనే లెక్కే వాళ్ళలో వాళ్ళు ఒప్పుకోలేదు తెలుసా. మన కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు గారు, మద్రాసులో వకీలు, బ్లావట్‌స్కీయే ఆయన పాండిత్యానికి తల వంచేది, ఆయన 1886 డిసెంబర్‌లో అడయార్ సభల్లో గీత మీద ఉపన్యాసాలిస్తూ ఏడు కాదు నాలుగుగా చెప్పడమే సబబు అన్నారు, మూడు ఉపాధులు (ఆత్మకి తొడుగుల్లాంటివి), ఆ పైన ఆత్మ, అంతే. దాని మీద వాళ్ళ పత్రికలోనే ఆయనకీ ఆవిడకీ పెద్ద వాదన జరిగింది. పాపం ఆయన 34 నిండకుండానే 1890లో పోయారు. ఇదెందుకు చెప్తున్నానంటే, మనిషిలో ఎన్ని భాగాలున్నాయన్న మొదటి లెక్క దగ్గరే పెద్దవాళ్ళు ఒక మాట మీద లేరు, మరి మీ అమ్మ కన్నీళ్ళ మీద పుస్తకంలో ఒక లైను చూపించి ఇదే చట్టం అంటే ఎలా కుదురుతుంది.

సరే, పోయాక ఏమవుతుందని చెప్తారో వరసగా చెప్తా. మొదటిది నాకు అన్నిటికంటే నచ్చే విషయం. ప్రాణం పోయే క్షణంలో, ఎంత హఠాత్తుగా పోయినా సరే, మనిషికి తన జీవితం మొత్తం చిన్న చిన్న వివరాలతో సహా కళ్ళముందు తిరుగుతుందట, అప్పుడు తనని తాను ఏ పొగడ్తా ఏ సాకూ లేకుండా ఉన్నదున్నట్టు చూసుకుంటాడట. ఎంత హఠాత్తుగా పోయినా అన్న మాట బ్లావట్‌స్కీ స్పష్టంగా రాసింది, 1889లో వచ్చిన ప్రశ్నోత్తరాల పుస్తకంలో. మీ తమ్ముడికి ఆఖరి నిమిషంలో ఎవరూ పక్కన లేరు అని మీ అమ్మ బాధపడుతుంటే ఈ మాట చెప్పు. వాళ్ళ లెక్క ప్రకారం ఆ నిమిషంలో వాడి పక్కన వాడి జీవితం మొత్తం ఉంది, అందులో మీ అమ్మ లేకుండా ఉంటుందా.

తర్వాత కామలోకం. పేరు చూసి భయపడకు, నరకం కాదు, సలసలకాగే నూనె లాంటివేం లేవు అక్కడ. కోరికలన్నీ నెమ్మదిగా ఊడిపోయే చోటు అనుకో. అవి ఊడిపోయాక పై మూడూ కింది భాగాల్ని వదిలేసి ముందుకి పోతాయి, దాన్నే రెండో చావు అంటారు. వదిలేసినది అక్కడే కొంతకాలం ఉండి కరిగిపోతుంది, దానికి వాళ్ళు పెట్టిన పేరు షెల్, మనకి తేలిగ్గా అర్థం కావాలంటే పాము విడిచిన కుబుసం. ఈ కుబుసం అన్న మాట గుర్తు పెట్టుకో, మీడియం దగ్గర మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత దేవచాన్. ఇది టిబెటన్ మాట, బౌద్ధులు సుఖావతి అంటారే అదే. అక్కడ ఆ జీవుడు తన జీవితంలో ఉన్న మంచి, ప్రేమ, తీరకుండా మిగిలిపోయిన మంచి కోరికలు, వీటన్నిటినీ పూర్తిగా అనుభవిస్తాడట, ఒక పెద్ద అందమైన కలలాగా, తనకి ఇష్టమైనవాళ్ళంతా తన చుట్టూనే ఉన్నట్టు. ఇక్కడే పిన్నికి సమాధానం ఉంది. దేవచాన్‌లో ఉన్నవాడికి ఇక్కడి మన కష్టాలు కనపడతాయా అని ఎవరో అడిగినట్టు రాసి దానికి బ్లావట్‌స్కీ చెప్పిన జవాబు ఏంటంటే, కనపడవు, కనపడితే అది సుఖం ఎలా అవుతుంది, పిల్లల్ని వదిలి పోయిన తల్లికి పైనుంచి ఆ పిల్లలు ఏడవడం చూస్తూ కూర్చోవడం కంటే ఘోరం ఇంకేముంటుంది అని. కాబట్టి ఆవిడ లెక్కలో ఏడుపు పైకి చేరదు, ఆ ప్రశ్నే లేదు. మీ అమ్మ పక్కనే ఉన్నట్టు, నవ్వుతూ ఉన్నట్టే వాడికి ఉంటుంది.

మరి పిన్ని గీత గీసిన లైను ఎక్కడిదంటే, నాకు తెలిసి అది లెడ్‌బీటర్ తరహా మాట. ఆయన తర్వాతి తరం, సొసైటీలో చాలా పేరున్న మనిషి, దివ్యదృష్టితో చూసి చెప్తున్నా అనేవాడు. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు, అందులో హద్దులేని దుఃఖం పోయినవాళ్ళని కుంగదీస్తుందని ఉంది, నిజమే. కానీ అదే పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది, నువ్వు వాళ్ళని పోగొట్టుకోలేదు, రోజూ నిద్రలో నువ్వు నీ శరీరం వదిలి వాళ్ళ దగ్గరికే వెళ్తున్నావు, వాళ్ళతోనే ఉంటున్నావు, లేచాక గుర్తుండట్లేదు అంతే అని. ఆ లైను కింద పిన్ని గీత ఎందుకు గీయలేదో నాకర్థం కాలేదు! గీతలు గీసి పుస్తకాలు ఇచ్చేవాళ్ళతో వచ్చే తంటా ఇదే, మనకి ఏది చెప్పాలనుందో అదే గీస్తాం. పిన్నిని తిట్టట్లేదు, అక్క ఏడుస్తుంటే చూడలేక, ఆపడానికి ఏదో ఒకటి దొరికితే చాలని చేసి ఉంటుంది. మా అక్క పోయినప్పుడు నాకూ ఒకావిడ ఇలాగే చెప్పింది, నేనప్పటికే ఇరవై ఏళ్ళుగా ఇవే చదువుతున్నా, అయినా ఆ మాటకి వారం రోజులు గొంతులో ఏదో అడ్డం పడినట్టు తిరిగాను. చదివినదాన్ని నాకే అలా అయితే మీ అమ్మకెలా ఉంటుంది చెప్పు.

యాక్సిడెంట్ సంగతి. అసలు ఆయుష్షు తీరేదాకా మధ్యలోనే అన్నది కూడా పుస్తకాల్లో ఉంది. 1880ల మొదట్లో సిన్నెట్ అనే ఇంగ్లీషు ఎడిటర్‌కి, ఆయన అప్పుడు అలహాబాద్‌లో పేపర్ నడిపేవాడు, మహాత్ములు (హిమాలయాల అవతల ఉంటారని సొసైటీవాళ్ళు నమ్మిన గురువులు) రాశారని చెప్పే ఉత్తరాలున్నాయి, 1923లో అవి పుస్తకంగా వచ్చాయి. ప్రమాదంలో పోయినవాళ్ళ గురించి ఆ ఉత్తరాల్లో చెప్పారు, వాళ్ళు సహజంగా బతకాల్సిన కాలం అయ్యేదాకా భూమి ఆకర్షణలోనే ఉంటారు అని. మీ అమ్మ ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేసి ఉంటుంది. దాని పక్కనే ఏముందంటే, వాళ్ళు నిద్రలో ఉంటారు అని. రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ ఇంటికోసం వెతుక్కుంటూ కాదు. నిద్ర. తన తప్పు లేకుండా పోయిన కుర్రాడికి ఆ నిద్ర కూడా మంచి కలలతోనే అని వాళ్ళు చెప్పేది. అలసిపోయి ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడుకున్న కొడుకుని ఏ తల్లైనా చూసే ఉంటుంది కదా, అమ్మకి అలా చెప్పు, అర్థమవుతుంది.

ఏ జన్మ కర్మో అన్న మాట మాత్రం నాకు ఒళ్ళు మండింది, ఉన్నదున్నట్టు చెప్తున్నా. కర్మ సిద్ధాంతం పెద్ద విషయం, నేను నమ్ముతాను, కానీ అది నా లెక్క నేను చూసుకోవడానికి, ఎదుటివాళ్ళింట్లో చావు జరిగితే వెళ్ళి వాళ్ళ అకౌంట్ చదివి వినిపించడానికి కాదు. పైగా థియోసఫీ ఈ విషయంలో పిన్ని అనుకున్నంత కఠినంగా లేదు. బ్లావట్‌స్కీ రాసింది ఏంటంటే, కర్మ వల్ల వచ్చే దండన ఏదైనా ఉంటే అది వచ్చే జన్మలోనే, పోయిన తర్వాత జీవుడికి దక్కేది మాత్రం గడిచిన జన్మలో తనకి తగని బాధలు ఏవైతే పడ్డాడో వాటికి బదులు సుఖం మాత్రమే. తగని బాధలు అని రాసింది చూశావా, అంటే మనిషికి పడే ప్రతి దెబ్బా వాడు సంపాదించుకున్నదే అని ఆవిడ కూడా అనలేదు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చిన లారీకి (నీ ఉత్తరంలో వివరం లేదు, ఊరికే అంటున్నా) మీ తమ్ముడి పోయిన జన్మతో లింకు పెట్టక్కర్లేదు.

మీడియం గురించి. ఇక్కడ మాత్రం ఖచ్చితంగా చెప్తా, వద్దు. విచిత్రం ఏంటంటే థియోసఫీ సొసైటీ పుట్టిందే ఆత్మల్ని పిలిపించే గదుల చుట్టూ, బ్లావట్‌స్కీ ఆల్కాట్ మొదట కలుసుకున్నది కూడా 1874లో అమెరికాలో ఒక పొలం ఇంట్లో అలాంటి ప్రదర్శన చూడ్డానికి వెళ్ళినప్పుడే. అంత దగ్గర్నుంచి చూసిన మనిషి జీవితమంతా చెప్తూ వచ్చింది ఏంటంటే, ఆ గదుల్లోకి వచ్చేది మీవాళ్ళు కాదు, చాలావరకు వాళ్ళు వదిలేసిన కుబుసాలు, మీడియం మనసు, చుట్టూ కూర్చున్నవాళ్ళ మనసుల్లోంచి మాటలు తీసుకుని చిలకలా పలుకుతాయి అని. పోయిన కొద్ది రోజుల్లో ఏదైనా జరగొచ్చేమో గానీ ఆ తర్వాత జీవుడు కిందికి రాడు, పిలిస్తే వాడికీ మంచిది కాదు, పిలిచినవాళ్ళకీ కాదు అన్నారు. ఆవిడ మీద కూడా మోసం చేసిందని ఆరోపణలు లేకపోలేదు, 1885లో లండన్ పరిశోధక సంఘం ఒకటి ఆవిడని మోసగత్తె అని రిపోర్టు ఇచ్చింది, వందేళ్ళ తర్వాత 1986లో అదే సంఘం పత్రికలో ఆ రిపోర్టు సరిగ్గా చెయ్యలేదని ఇంకొకాయన రాశాడు, ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు. అదంతా వదిలెయ్, మామూలు తెలివితో చూడు. వీడియో కాల్‌లో మాట్లాడిస్తానన్న మనిషికి మీ తమ్ముడి ఫేస్‌బుక్కు, ఇన్‌స్టా ఫోటోలు, వాడి ఫ్రెండ్స్ పెట్టిన పోస్టులు అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. అమ్మా నేను హ్యాపీగా ఉన్నా అని ఒకసారి వినిపిస్తే మీ అమ్మ రెండోసారి కావాలంటుంది, మూడోసారి కావాలంటుంది, అక్కడితో ఆగదు. నమ్మినా కూడా వద్దనే చెప్తుంది థియోసఫీ, నమ్మకపోతే అసలు ప్రశ్నే లేదు.

ఇప్పుడు నీ బిడ్డ. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి ఎందుకంటే నీకు నిద్ర పట్టనిది దీనికే.

మొదట కాలం లెక్క. బ్లావట్‌స్కీ, సిన్నెట్ లెక్కలో ఒక జన్మకీ ఇంకో జన్మకీ మధ్య మామూలుగా వెయ్యి నుంచి పదిహేను వందల ఏళ్ళు. అవును, ఏళ్ళే, నెలలు కాదు. చిన్నపిల్లలుగా, ఇంకా మంచీచెడూ తెలియని వయసులో పోయినవాళ్ళకి మాత్రం దేవచాన్ ఉండదు, వెంటనే పుడతారన్నారు, కానీ 24 ఏళ్ళవాడు ఆ లెక్కలోకి రాడు. లెడ్‌బీటర్ వచ్చాక ఈ గడువు మనిషిని బట్టి మారుతుందని చాలా తగ్గించాడు. మన బృహదారణ్యక ఉపనిషత్తులో చూస్తే గడ్డిపురుగు ఒక పరక చివరికి వెళ్ళి ఇంకో పరకని పట్టుకున్నట్టు అని ఉంది, అది చదివితే అసలు గ్యాపే లేదా అనిపిస్తుంది. పూర్వజన్మ గుర్తున్న పిల్లల కేసులు వేల సంఖ్యలో పోగుచేసిన ఇయాన్ స్టీవెన్సన్ అనే వర్జీనియా యూనివర్సిటీ డాక్టరుండేవాడు, ఆయన కేసుల్లో సగానికి పైగా రెండేళ్ళలోపు పుట్టినవే. ఒకరిది పదిహేను వందల ఏళ్ళు, ఒకరిది ఏడాదిన్నర. అందుకని నీ బిడ్డ మీ తమ్ముడు కానే కాదు అని నేను శాస్త్రం పట్టుకుని చెప్పలేను, వాడే అని మీ అమ్మా చెప్పలేదు.

కానీ అసలు విషయం కాలం కాదు. ఇందాక చెప్పా కదా మళ్ళీ పుట్టేది పై మూడు మాత్రమే అని. దండలో దారం లాగా అన్నారు, సూత్రాత్మ, పూసలు మారిపోతాయి దారం ఒకటే. బ్లావట్‌స్కీ ఇంకో పోలిక కూడా చెప్పింది, నటుడు ఒక్కడే, వేషాలు వేరు. మీ తమ్ముడు అని మీరు ప్రేమించినదంతా, వాడి నవ్వు, ముద్దుపేరు, నిన్ను ఏడిపించే తీరు, ఫోన్ ఎత్తగానే అనే మాట, అదంతా ఆ వేషం. థియోసఫీని అక్షరాలా నమ్మినా సరే, ఒకవేళ ఆ జీవుడే నీ కడుపున పడ్డాడనుకున్నా సరే, ఆ వేషం తిరిగి రాదు. కొత్త మెదడు, కొత్త ఒళ్ళు, కొత్త గుర్తులు. అందుకే కదా మనకి పోయిన జన్మ గుర్తుండదని వాళ్ళు చెప్పేది, ఆ గుర్తులు రాసుకున్న మెదడే పోయింది. మీ అమ్మకి కావాల్సింది దారం కాదమ్మా, ఆ పూసే కావాలి. ఆ పూసని ఏ సిద్ధాంతమూ వెనక్కి ఇవ్వదు. ఇది చెప్పడం కష్టంగానే ఉంది, కానీ ఇంకొకళ్ళు ఎవరో తియ్యగా చెప్పి నాలుగు నెలల తర్వాత లేబర్ రూం బయట మీ అమ్మ మొహం చూసేకంటే ఇప్పుడే చెప్పడం నయం.

ఆడపిల్ల పుడితే అన్నావు. ఈ ఒక్క విషయంలో మాత్రం థియోసఫీలో అందరూ ఒకటే మాట, జీవుడికి ఆడా మగా లేదు. లెడ్‌బీటర్ వాళ్ళు 1910 నుంచి జిడ్డు కృష్ణమూర్తి పూర్వజన్మలు అంటూ పత్రికలో వరసగా వేశారు, క్రీస్తుకి పూర్వం ఇరవై రెండు వేల ఏళ్ళ నాటి నుంచి మొదలు, వాటిలో కొన్ని జన్మల్లో ఆయన ఆడమనిషే. (అప్పట్లో అడయార్‌లో ఆ జన్మల్లో నువ్వు ఆయనకి ఏమవుతావు అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవాళ్ళట, బంధుత్వాల కోసం పోటీ. మనుషులు ఎక్కడైనా మనుషులే.) కాబట్టి అమ్మ నమ్మకం అమ్మకి ఉండనీ, కానీ మగపిల్లాడైతేనే వాడు, ఆడపిల్లైతే కాదు అన్న షరతు ఆ నమ్మకంలోనే లేదని మెల్లగా చెప్పు. అంతకంటే ముఖ్యం ఇంకోటుంది, థియోసఫీ ప్రకారం నీ కడుపులో ఉన్నది ఎన్నో జన్మలు తిరిగి, తన లెక్క తను మోసుకుంటూ, తన పని మీద తను వస్తున్న జీవుడు. నీకంటే పాతవాడైనా కావచ్చు. అలాంటి మనిషి వస్తుంటే గుమ్మంలోనే నువ్వు ఫలానా వాడివి అని వేరేవాళ్ళ పేరుతో పిలిస్తే ఎలా ఉంటుంది?

మీ ఆయనతో మాట్లాడి రెండు మూడు విషయాలు ముందే అనేసుకోండి. బిడ్డకి తమ్ముడి పేరు పెట్టాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, పెట్టినా తప్పులేదు, కానీ గుర్తుగా పెట్టండి, వాడే అని కాదు. మాటలొచ్చే వయసులో నువ్వు మామయ్యవే కదా, నీ బైక్ ఏదీ అని పిల్లని ఎవరూ అడక్కుండా చూసుకో. పిల్లలు మనకి ఏం కావాలో ఇట్టే కనిపెట్టేస్తారు, అవును అంటే అందరూ ముద్దు పెట్టుకుంటారని తెలిస్తే రోజూ అవును అంటారు. పాపం దానికి అదొక ఉద్యోగం అయిపోతుంది.

ఇక ఏడుపు దగ్గరికి మళ్ళీ వస్తా, నాకు అసలు చెప్పాలనున్నది ఇదే. మీ పిన్నిని ఒకసారి కూర్చోబెట్టి ఈ సంగతి అడుగు, ఆవిడకీ తెలిసే ఉంటుంది. మన మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తిని 1909లో అడయార్ బీచ్‌లో లెడ్‌బీటరే చూసి జగద్గురువు కాబోయేవాడు ఇతనే అన్నాడు, అనీ బెసెంట్ కొడుకులా పెంచింది, పక్కనే తమ్ముడు నిత్యానంద, ఇద్దరూ ఒక్క క్షణం విడిచి ఉండేవాళ్ళు కాదు. నిత్యకి టీబీ. నిత్య బతుకుతాడు, అతనితో ఇంకా పనుంది అని మహాత్ముల మాటగా కృష్ణమూర్తికి భరోసా ఉంది, ఆయన దాన్ని పూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే తమ్ముణ్ణి కాలిఫోర్నియాలో వదిలి బెసెంట్ వాళ్ళతో ఓడ ఎక్కి ఇండియా బయల్దేరాడు, సొసైటీ యాభై ఏళ్ళ పండగకి. 1925 నవంబర్‌లో ఓడ సూయజ్ దగ్గరుండగా టెలిగ్రామ్, నిత్య పోయాడు, 27 ఏళ్ళు. అప్పుడు ఆ మనిషి ఏం చేశాడు? చావు లేదు, ఉన్నది దేవచాన్ అని వివరించి కూర్చోలేదు. ఏడ్చాడు. పగలంతా ఎలాగో ఉండి రాత్రుళ్ళు క్యాబిన్‌లో మూలిగి మూలిగి నిత్యా నిత్యా అని ఏడ్చాడు, చిన్నప్పుడే ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెరిగి మెలకువలో ఒక్క ముక్క మాట్లాడలేనంతగా మర్చిపోయిన తెలుగులో కలవరించాడని అదే క్యాబిన్‌లో ఉన్నాయన తర్వాత చెప్పాడు. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. ఓడ కొలంబో చేరేసరికి ఆయన మొహం తేటపడిందట. నాలుగేళ్ళకి, 1929లో, తనని గురువుగా నిలబెట్టడానికి పెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ అనే సంస్థని తనే రద్దు చేసేశాడు, అది వేరే కథ, ఇప్పుడు వద్దు.

పునర్జన్మ గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మాటలు వింటూ పెరిగిన కుర్రాడు, తన పూర్వజన్మలు పత్రికలో అచ్చైన మనిషి, తమ్ముడు పోతే అలా ఏడ్చాడు. నిత్యని కిందికి లాగేస్తున్నావు అని ఆ ఓడలో ఎవరైనా ఆయనకి చెప్పి ఉంటారా? మీ అమ్మకి మాత్రం ఎందుకు చెప్పాలి?

ఇంకోటి, సొసైటీలో చేరడానికి పునర్జన్మని నమ్మాలన్న రూలే లేదు. సత్యాన్ని మించిన ధర్మం లేదు అన్నది వాళ్ళ నినాదం, ఏ సిద్ధాంతమూ ఎవరి మీదా రుద్దకూడదని, ఎవరి మాటా, బ్లావట్‌స్కీ మాటతో సహా, ఎవరికీ శాసనం కాదని 1924లో వాళ్ళ కౌన్సిలే తీర్మానం చేసింది. కాబట్టి పిన్ని మంచి థియోసఫిస్ట్ అయితే మీ అమ్మని ఏడవనిస్తుంది. ఇవన్నీ నిజమేనా అని నన్నడిగితే, నేను చూసి రాలేదు, నమ్ముతాను, నమ్మకం నాకు పనికొచ్చింది. మీ అమ్మకి పనికొస్తే ఉంచుకోమను, గొంతు నొక్కుతుంటే ఆ పుస్తకాలు ఒక ఏడాది పాటు బీరువాలో పెట్టెయ్యి, వాటికేం కాదు.

ఒకటి మాత్రం వాయిదా వెయ్యొద్దు. అమ్మ సరిగ్గా తింటోందా, నిద్రపోతోందా చూడు, వాడి దగ్గరికి వెళ్ళిపోతా లాంటి మాటలు ఏమైనా అంటోందా చూడు. అంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, ఆ మాట తేలిగ్గా తీసుకోకు. నీ నిద్ర సంగతి కూడా నీ చెకప్‌లో డాక్టర్‌కి చెప్పు, ఇది అడగాల్సిన విషయమా అనుకోకు. తమ్ముడు పోయింది నీకు కూడా, నీ ఉత్తరం మొత్తం అమ్మ గురించే రాశావు, నీ గురించి ఒక్క లైనే ఉంది.

రేపు మళ్ళీ అమ్మ బాత్రూంలోకెళ్ళి ట్యాప్ తిప్పినప్పుడు తలుపు కొట్టు. లోపలికెళ్ళి ఆ ట్యాప్ నువ్వే కట్టేసి, చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి వాడి ఫోటో ముందే కూర్చోబెట్టు, నువ్వూ పక్కనే కూర్చో. ఆ సారీ ఈసారి చెప్పనివ్వకు.